ఉల్లిగడ్డ ఆడది, ఎల్లిగడ్డ మగవాడు

నీలం నగర్,
మంగళవారం, భోజనాల వేళ

కడక్ భాకరీ లాంటి నా సారికకు, ఆ ఎండు జొన్నరొట్టెలా పైకి గట్టిగా ఉండి పంటి కింద కరకరలాడే నా ఇంటిదానికి, నీ శ్రీకాంత్ ఆశీస్సులు. ఆశీస్సులు అక్కర్లేదంటే నమస్కారాలు.

ముందుగా ప్రకటన. సోలాపూర్ నీలం నగర్ మొదలుకొని కుంభారి రాయ్‌నగర్ వరకు గల సమస్త గృహిణులకు, గిన్నెలకు, పప్పుడబ్బాలకు తెలియజేయడమేమనగా: ఈ ఉత్తరం అందిన క్షణం నుంచి మన ఇంట్లో ఉల్లిగడ్డ ఆడది, ఎల్లిగడ్డ మగవాడు. ఉప్పు ఆడది, పాలు ఆడవి, అన్నం మగవాడు. ఇన్నాళ్ళూ నువ్వు చరిచి చరిచి పెనం మీద పడేసిన రొట్టె కూడా మగవాడే. కనుక ఇకమీదట మర్యాదగా చరచవలెను. నీళ్ళ సంగతి మాత్రం ఇంకా విచారణలో ఉంది. తొడుక్కున్న చొక్కా మగవాడిది, లోపలి మనిషి ఆడది. తీర్పు వచ్చాక తెలుపబడును. ఈ ఆజ్ఞను మీరినవారికి శేంగా చట్నీ బంద్, ఒక్క పల్లీ గింజ కూడా రాలదు.

నవ్వకు. ఇది స్పానిష్ వ్యాకరణం. మా కార్ఖానా యజమాని మాలక్‌కు స్పెయిన్ దేశం నుంచి తువ్వాళ్ళ బేరం వచ్చింది. ఆ దేశపు సాహెబు, సెన్యోర్ బెనీతో అని పేరు, స్వయంగా వచ్చి మన మగ్గాలు చూస్తాడట. ఆయన వెంట తిరగడానికి, ఆకలైతే ఏం తింటాడో అడిగి పెట్టడానికి ఒక మనిషి కావాలి. "శ్రీకాంత్, గీ పనికి నువ్వే బరోబర్. నీ నోరు యే దేశంల కూడ ఆగది" అన్నాడు మాలక్. ఎనిమిదో క్లాసుతో బడికి దండం పెట్టినవాడికి ఎంత మర్యాదో చూడు. అందుకని సాహెబు వచ్చిపోయే దాకా నేను కుంభారిలోని మన కొత్తింటికి మకాం మార్చలేను. ఇక్కడి గదిలోనే ఉంటాను. కోపం తెచ్చుకోకు.

ఎలా నేర్చుకుంటున్నానో చెబుతాను. మన అమ్మాయి సాక్షి నాకు ఫోన్లో వీడియోలు చూడటం నేర్పింది కదా, అందులో ఒక టీచరమ్మ పాఠాలు వస్తాయి. ఆ ఫోన్ను తువ్వాలు అంచు పేలికతో మగ్గం పక్క కిటికీ ఊచకు కట్టేశాను. తెరమీద రొట్టె బొమ్మ వస్తుంది, కింద అక్షరాలు వస్తాయి, పక్కన టీచరమ్మ నోరు తెరిచి "పాన్" అంటుంది. చుట్టూ అన్ని మగ్గాలు మోగుతుంటే ఆమె గొంతు ఎవడికి వినబడుతుంది? నీకు తెలియనిదేముంది, మన కార్ఖానాలో చెవితో విన్నవాడు ఎవడు? ఆ చివరి మగ్గం దగ్గరినుంచి ఎవడైనా పెదవి కదిపితే ఈ చివర మనం బీడీ అడిగాడో బాబిన్ అడిగాడో చెప్పేస్తాం. అలాగే ఆమె పెదవులు చూసి స్పానిష్ పట్టేస్తున్నాను. నూలు పోగు తెగితే ముడి వేస్తాను, ముడి వేస్తూ "ఆహో" అంటాను. ఆహో అంటే ఎల్లిగడ్డ.

కష్టమేమీ లేదు. ఆడ, మగ అని రెండు జాతులకే జనం ఝడుసుకుంటారట. మరాఠీలో మూడు జాతుల్ని మోసినవాళ్ళం, రెండింటికి బెదురుతామా? ఇంకో తమాషా. నువ్వు నలుగురిలో నన్ను మీరు అంటావు, తలుపు వేశాక నువ్వు అంటావు. వాళ్ళకూ అచ్చం అంతే, రెండు మాటలున్నాయి. ఇక ఇష్టం సంగతి. 'నాకు అన్నం ఇష్టం' అనాలంటే వాళ్ళు అన్నానికే పని అప్పజెబుతారు. అన్నమే కష్టపడి వచ్చి నాకు నచ్చాలి. "మే గూస్తా ఎల్ అర్రోస్." నేను చేసేదేమీ లేదు, కూర్చుంటే చాలు. ఇంత సుఖమైన భాష మన ఇంటి మగవాళ్ళ కోసమే పుట్టింది.

పక్క మగ్గం పోచయ్య కూడా నేర్పమని వెంటపడ్డాడు. "సోయ్ ఉనా సెబోయా" అని నేర్పాను. 'నేను గొప్ప పనివాణ్ణి' అని దానర్థం అని చెప్పాను. నిజానికి 'నేను ఒక ఉల్లిగడ్డను' అని అర్థం. కార్ఖానా అంతా తిరిగి రొమ్ము మీద చెయ్యి వేసుకుని చెబుతున్నాడు. వాడి ఇల్లు కుంభారిలో మన పక్క వీధే కాబట్టి ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. చెప్పేయకు.

నీ
శ్రీకాంత్

*

కుంభారి, రాయ్‌నగర్,
గురువారం

శ్రీకాంత్ గారికి సారిక రాయునది,

ఉత్తరం నలుగురి చేతుల మీదుగా వస్తుంది కాబట్టి మీరు అని మొదలుపెడుతున్నాను. ఎంతదాకా నిలుస్తుందో చూద్దాం.

పోచయ్య అన్న ఉత్తరం ఇచ్చి, గుమ్మంలో నిలబడి, రొమ్ము మీద చెయ్యి వేసుకుని తాను ఉల్లిగడ్డనని నాకూ మనవి చేసుకున్నాడు. నవ్వు ఆపుకుని చాయ్ ఇచ్చాను. చాయ్ తాగుతూ ఇంకో కబురు చెప్పాడు. "వదినా, నేన్ జెప్పిన్నని అనకు గని, మావోడు ఫోన్ల ఓ తెల్లతోలు గోరీ మేడం మూతి సూసుకుంట మగ్గం నడుపుతుండు. ఆమె మూతి దిప్పితె ఈనె మూతి దిప్పుతడు. అందరు నవ్వుతున్రు." టీచరమ్మేనని మీరు రాశారు. సరే, టీచరమ్మే అనుకుంటాను. కానీ నేను అడిగేది ఆమె గురించి కాదు.

కొత్తింట్లో పాలు పొంగించిన మరునాడు పొద్దున మీరు కిటికీ దగ్గర కూర్చున్నారు. వంటింట్లోంచి "చాయ్ తాగుతవా?" అని అడిగాను. పలకలేదు. మళ్ళీ అడిగాను. పలకలేదు. మూడోసారి గట్టిగా అడిగితే గోడ అవతల నుంచి ప్రాజక్త, "ఆయన వద్దంటె నాకియ్యి వైనీ, నేన్ తాగుత!" అని అరిచింది. పక్కింటి ఆమెకు వినబడింది, ఇంట్లో ఉన్న మీకు వినబడలేదు. కప్పు తెచ్చి ఎదురుగా ఠపీమని పెడితే పళ్ళికిలించి నవ్వారు. ఎప్పటిలాగే నన్ను ఏడిపిస్తున్నారనుకున్నాను. డ్యూటీ అని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు.

అప్పటినుంచి ఒకసారి మగ్గం బీము మార్చాలన్నారు, ఒకసారి పోచయ్య సెలవన్నారు, ఇప్పుడు స్పెయిన్ అంటున్నారు. ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ, సరే" అని పెట్టేస్తారు. మా అమ్మకు ఒంట్లో బాగా లేదని చెప్పినా సరే అన్నారు. ఏం సరే?

పొద్దంతా ఒళ్ళో తట్ట పెట్టుకుని బీడీలు చుడుతుంటే చేతులు వాటి పని అవి చేసుకుంటాయి, బుర్ర మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో ఒకటే మాట తిరుగుతోంది. ఇల్లు నచ్చలేదా, ఇంట్లో మనిషి నచ్చలేదా? నచ్చడం అవతలి వస్తువు చేసే పని అని రాశావు కదా. ఇంతకాలం ఆ పని నేనే చేశాను. ఇక నావల్ల కావడం లేదంటే అదే తెలుగులో రాయి, స్పానిష్‌లో వద్దు.

నీ కోసం చేయించిన రెండో తాళంచెవి తలుపు వెనక మేకుకే వేలాడుతోంది. ఇంకెన్నాళ్ళు అలా వేలాడాలో చెప్పు. లేకపోతే తీసి సాక్షికి ఇచ్చేస్తాను.

చూశావా, మీరు అన్నది ఎక్కడ ఊడిపోయిందో నాకే తెలియలేదు.

సారిక

*

నీలం నగర్,
శుక్రవారం

నా సారికకు,

ఈసారి ప్రకటన లేదు. పోచయ్య విప్పి చదవకుండా ఉత్తరం చుట్టూ పిన్నులు కొట్టాను. తీసేటప్పుడు వేలు జాగ్రత్త, ఆకు చుట్టాల్సిన వేళ్ళు.

నాకు వినబడటం లేదు.

రాసేశాను. నోటితో చెప్పడం కన్నా రాయడం నయం. రాసినదానికి ఎవరూ "ఆఁ? ఏందీ?" అనరు. కుడి చెవి ముందు పోయింది, ఎడమది దాని వెనకే బయల్దేరింది. ఎప్పుడు పోయిందంటే చెప్పలేను. మగ్గాల మధ్య పుట్టిపెరిగినవాడికి చెవి ఎప్పుడు పోయిందో ఎలా తెలుస్తుంది? వానలో నిలబడ్డవాడికి చెమట పట్టినట్టు. నీలం నగర్‌లో ఏ గడప చూసినా మగ్గమే, ఏ మాటైనా అరుపే. నీళ్ళు కావాలంటే బొటనవేలు చూపిస్తాం, చాయ్ కావాలంటే పెదవి కదుపుతాం. ఈ పేటలో చెవిటివాడు రాజులా బతుకుతాడు. నేనూ అలాగే బతికాను.

దానికి తోడు ఎకసెక్కాలవాడన్న నా పాత పేరు నన్ను కాచింది. పొద్దున లేస్తే ఎవడినో ఒకడిని ఆటపట్టించేవాణ్ణి కదా. ఎవరైనా అడిగింది వినబడకపోతే నోటికొచ్చిన వంకర జవాబు ఒకటి పడేసేవాణ్ణి. "మల్ల మొదలువెట్టిండు శ్రీకాంత్" అని నవ్వేవాళ్ళు. వాళ్ళతో నేనూ నవ్వేవాణ్ణి. చెవిటివాడని ఒక్కడికీ తట్టలేదు. ఒక్కొక్కసారి వాళ్ళు నవ్విన మాట ఏదో నాకే తెలిసేది కాదు.

కుంభారిలో ఆ ఆట సాగదు. ఆ ఇల్లు ఎంత బాగుందో అంత భయం వేసింది నాకు. మగ్గం లేదు, మోత లేదు. ఆ పొద్దున కిటికీ దగ్గర కూర్చుంటే లోకమంతా దూది చుట్టినట్టుంది. కుక్కరు మీద బరువు ఎగురుతుంటే చూశాను, ఈల వినబడలేదు. నువ్వు కప్పు ఎదురుగా పెట్టినప్పుడు నీ ముఖం చూసి, చాలాసేపటినుంచి పిలుస్తున్నావని అర్థమైంది. అందుకే పళ్ళికిలించాను. అందుకే సాయంత్రం బస్సెక్కాను. ఈ మోతలో దాక్కున్నవాణ్ణి, ఆ నిశ్శబ్దంలో ఒక్క పూటకే దొరికిపోతాను. ఇల్లూ నచ్చింది, ఇంట్లో మనిషీ నచ్చింది. ఆ మనిషి నన్ను చెవిటి మొగుడని జాలిగా చూస్తుందేమోనన్నదే నచ్చలేదు.

ఫోన్‌కు మూతి ఉండదు కదా, అందుకే "ఆఁ, సరే". వీడియో కాల్ చేయవచ్చు కదా అంటావు. చేస్తే నువ్వు ఫోన్ను తంబాకు డబ్బాకు ఆనించి నాకు తిరిగే ఫ్యాను చూపిస్తావు. మీ అమ్మ సంగతి నాకు తెలియదు సారికా. ఒట్టు. ఎలా ఉంది ఇప్పుడు?

ఇక ఆ గోరీ మేడం. పోచయ్య చెప్పింది నిజమే, నేను ఆమె మూతే చూస్తాను. ఎందుకంటే లోకంలో నా ఎదురుగా ముఖం పెట్టి, తొందరపడకుండా, ఒక్కో మాట రెండేసిసార్లు చెప్పింది ఆమె ఒక్కతే. ఇంకో సంగతి విను. తెలుగులో ఒక మాట అర్థం కాలేదనుకో, చెవిటోడంటారు. స్పానిష్‌లో అర్థం కాలేదంటే నేర్చుకునేవాడంటారు. పాఠంలోనే ఉంది, 'మళ్ళీ చెప్పండి' అని మర్యాదగా అడగడం. "ఓత్రా వేస్, పోర్ ఫవోర్." సిగ్గు లేకుండా ఆ మాట అనగలిగింది ఆ ఒక్క భాషలోనే. వాళ్ళకు ఒక అక్షరం ఉంది, రాస్తారు కానీ పలకరు. ఆకలిని 'హాంబ్రె' అని రాసి 'ఆంబ్రె' అంటారు. రాసి ఉండీ వినబడనిది వాళ్ళ దేశంలో ఎవరికీ తప్పు కాదు. ఆ పాఠం చదివిన రోజు నాకు భలే ధైర్యం వచ్చింది.

కార్ఖానాలో భయం లేదు, మగ్గం నన్నేమీ అడగదు. నా దిగులల్లా నోటి గురించే. ఎదుటివాడి మాట వినబడనివాడు ఇక ఎకసెక్కాలు ఎట్లా ఆడతాడు? నా దగ్గర ఉన్న ఆస్తి అదొక్కటే కదా. సాహెబు వచ్చిపోయే దాకా నన్ను ఇక్కడే ఉండనివ్వు. తర్వాత చూద్దాం. తాళంచెవి అప్పటిదాకా మేకుకే ఉండనివ్వు.

నీ
శ్రీకాంత్

*

కుంభారి,
శనివారం

ఏమయ్యా ఉల్లిగడ్డా,

పిన్ను గుచ్చుకోనే గుచ్చుకుంది. ఆ సంగతి తర్వాత.

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా నీ వెనక నిలబడి గిన్నెలు తోముతూ ఎన్ని తిట్లు తిట్టాను! మీ వంశం మొత్తాన్ని ఒక్కొక్కరిగా పిలిచి తిట్టాను. నువ్వు కిమ్మనకుండా కూర్చుంటే ఎంత ఓర్పు ఈ మనిషికి అని లోపల మురిసిపోయాను కూడా. అంతా దండగ పోయింది కదా! అవన్నీ ఇప్పుడు ఎదురుగా వచ్చి మళ్ళీ మొదటినుంచి తిట్టాలి.

నీకు మతిమరుపు కూడా వచ్చిందా? పెళ్ళికి ముందు ఆ కార్ఖానాలో కండెలు చుట్టింది నేను కాదా? మూలనున్న మగ్గం దగ్గర్నుంచి పెదవులు కదిపి నన్ను అడిగింది నువ్వు కాదా? ఒప్పుకుంటున్నానని అక్కడి నుంచే పెదవి కదిపాను. మన పెళ్ళి మాటల్లో ఒక్కటి కూడా చెవితో విన్నది కాదు. అప్పుడు పనికొచ్చిన నా మూతి ఇప్పుడు పనికిరాదా? ఆ టీచరమ్మ చేసే పని నేను చేయలేనా? నేను జాలిపడతానన్న భయం నీకుంటే వదిలేయ్. జాలిపడే తీరిక నాకు లేదు, సాయంత్రానికి కట్టలు అప్పజెప్పాలి.

పొద్దున లేవగానే పని మొదలుపెట్టాను. బీడీల తట్ట గోడ మూల నుంచి తీసి కిటికీ ఎదురుగా వేశాను. నువ్వు కూర్చునే చోటి నుంచి నా ముఖం కనబడుతుంది. గ్యాస్ పొయ్యి కూడా తిప్పించేశాను, ఇక నీకు వీపు చూపించి వంట చేయను. ప్రాజక్తకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "గింతేనా వైనీ? మా మామకు పదేండ్ల సంది ఇనవడది. మేం దువ్వెన ఇసిరి పిలుస్తం" అంది. చెవి డాక్టరు దగ్గరికి సోమవారం నేనూ వస్తాను. మిషను పెడతానంటే పెట్టుకో, దాని గురించి ఎకసెక్కాలు ఆడటానికి నీకేం అడ్డు? అమ్మకు తగ్గింది, నిన్ను అడిగింది.

ఇక నీ సాహెబు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ను మనింటికి తీసుకురా. వీధంతా చెప్పేశాను. జొన్నరొట్టె, శెనగపిండి పిఠ్లా, అన్నం, ఉల్లిగడ్డ. శేంగా చట్నీకి ప్రాజక్త పల్లీలు వేయిస్తోంది. ఆడదో మగవాడో చూడకుండానే దంచుతుంది, ఆజ్ఞ మీరిందని రాసుకో. కొత్త పీట కూడా తెచ్చాను. దేశం కాని దేశం నుంచి వచ్చేవాడు, మర్యాద తక్కువ కాకూడదు.

సాహెబు రాకపోతే నా పరువు పోతుంది. నువ్వు రాకపోతే ఏం పోతుందో నీకే తెలుసు.

నీ
సారిక

*

నీలం నగర్,
శనివారం, పని ముగిశాక

పీట తెప్పించిన మహారాణి సారికకు, వీధి వీధంతటికీ ముఖం చూపించడానికి బయల్దేరుతున్న నీ శ్రీకాంత్ రాయునది.

పోచయ్య మధ్యాహ్నమే నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. చదివాక ధైర్యం చేసి వాడికి కూడా చెప్పేశాను. మగ్గం ఆపి, వాడి చెవి దగ్గర నోరు పెట్టి, నాకు వినబడటం లేదురా అని అరిచాను. వాడు నా ముఖంలోకి తేరిపార చూసి, "ఈ దిక్కు రా, ఈ చెవుల జెప్పు. ఆ చెవి నాకు ఎప్పుడో వోయింది" అన్నాడు. ఇన్నాళ్ళూ నన్ను చూసి వాడు, వాడిని చూసి నేను, ఇద్దరం వినబడినట్టు తలలూపుకుంటూ పని చేశామన్నమాట! కడుపు పట్టుకుని నవ్వాం. సరే కదా అని ఉల్లిగడ్డ అర్థం కూడా చెప్పేశాను. అప్పుడు మాత్రం బాబిన్ తీసుకుని వెంటపడ్డాడు. వాడికి సోమవారం డాక్టరు దగ్గరికి మనతో రావాలని ఉందట. రానీ.

ఇంకొకటి. మగ్గాలన్నీ ఆగాక, ఖాళీ కార్ఖానాలో నిలబడి మొదటిసారి స్పానిష్ గొంతెత్తి మాట్లాడాను. "తెంగో ఆంబ్రె!" నాకు ఆకలిగా ఉందని. ఇన్నాళ్ళూ పెదవులతోనే నేర్చుకున్నాను కదా, ఎంత గట్టిగా అనాలో తెలియలేదు. రోడ్డు అవతల చాయ్‌వాడు దుకాణం వదిలి పరుగెత్తుకొచ్చాడు, ఎవరి చెయ్యి మగ్గంలో పడిందోనని. నా స్పానిష్ దెబ్బకు అశోక్ చౌక్ దాకా జనం ఉలిక్కిపడ్డారంటే నేను నేర్చుకున్నట్టే.

గదిలో సామాను రెండు సంచులకు వచ్చింది. రేపు పొద్దున పోచయ్య బండి తెస్తానన్నాడు, వాడి వెనక కూర్చుని వచ్చేస్తాను. ఈ ఉత్తరం మాత్రం ఈ సాయంత్రమే వాడి చేతికి ఇస్తున్నాను, ఎందుకంటే ఒక సంగతి నీకు నాకంటే ముందుగా చేరాలి. తాళంచెవి మేకు మీంచి తీయకు, నేనే తీసుకుంటాను. తిట్లు కూడా మొదటినుంచి తిట్టు, ఒక్కటీ వదలకు. ఏ వంశాన్నీ మినహాయించకు. కాకపోతే వెలుతురులో నిలబడి తిట్టు.

ఆ సంగతి ఇది. పీట తెప్పించావు, వీధంతా చెప్పావు, పల్లీలు వేగాయి. ఇప్పుడు చెప్పడం న్యాయం కాదు కానీ, సెన్యోర్ బెనీతో అనే మనిషి లేడు. స్పెయిన్ నుంచి బేరమూ రాలేదు, మాలక్ నాకు ఏ పనీ చెప్పలేదు. స్పెయిన్ అనే దేశం ఉందని ఆయనకు తెలుసో లేదో కూడా నాకు తెలియదు. ఫోన్లో ఆ టీచరమ్మ పాఠం దానంతట అదే వస్తే, ముఖం తిప్పుకోకుండా మాట్లాడుతోంది కదా అని చూశాను, అంతే. కుంభారికి రాకుండా ఉండటానికి ఒక మనిషి కావలసివచ్చాడు. పడుగూ పేకా లేకుండానే ఒక సాహెబును నేసి నీకు పంపాను.

వంట మాత్రం ఆపకు. పీట తీయకు. రేపు దాని మీద నేనే కూర్చుంటాను. ప్రాజక్త అడిగితే సాహెబు వచ్చాడనే చెప్పు. రొట్టె పెట్టాలన్నా, నీళ్ళు పోయాలన్నా ఎదురుగా వచ్చి, తొందరపడకుండా, రెండుసార్లు అడుగు.

చాలా దూరం నుంచి వస్తున్నవాణ్ణి.

నీ
శ్రీకాంత్